బాలశౌరి గారు చింపిన లేబుళ్లు

తొంభైలలో దేశాన్ని కుదిపిన ఉద్యమాల జాబితాలోకి ఎక్కకుండా పోయింది ఒక్కటే: విజయవాడలో మా కాలేజీ బయోకెమిస్ట్రీ లెక్చరర్ బాలశౌరి గారు సీసాల మీద లేబుళ్లు చింపడం. ఆమ్లమో క్షారమో చెప్పే పీహెచ్ అంకె పక్కన ఉష్ణోగ్రత రాసి లేకపోతే ఆయన కళ్లు ఎర్రబడేవి. మరుక్షణం లేబుల్ ఆయన పిడికిట్లో ఉండేది.

"ఎనిమిదట! ఎక్కడ ఎనిమిది? ఊటీలోనా, బెజవాడలోనా?"

పక్కగదిలో బోటనీ చెప్పుకునే నాకు ఈ కేక రోజుకు నాలుగుసార్లు వినబడేది. ఒళ్లు మండేది. ఓ పెళ్లి భోజనంలో ఆయన పులిహోరకు పీహెచ్ కాగితం అద్ది, వంటాయన మీద విరుచుకుపడ్డారు.

"ఏమయ్యా, ఇంత ఆమ్లమా?"

"తింటారా, పరీక్ష పెడతారా అండీ?"

పెళ్లివారు వంటాయన పక్షం వహించారు.

తొంభై ఎనిమిది మే నెలలో ఆయన ల్యాబులోని గన్నవరం అమ్మాయి డయానా పరిశోధనకు ముప్పొచ్చింది. కణానికి ఆకారమిచ్చే సన్నని పోగుల్ని ఆక్టిన్ అంటారు. కోఫిలిన్ అనే ప్రోటీన్ వాటిని తుంచుతుంది. కాస్త క్షారముంటే చకచకా తుంచుతుంది; ఆమ్లం పెరిగితే పోగును పట్టుకుని కూర్చుంటుందే గాని తుంచదు. డయానా నిరూపించాల్సింది అదే. పోగులు తెగితే ద్రవం పలచబడాలి. ఆమ్లపు పీహెచ్ ఆరున్నర సీసాలోనూ, క్షారపు ఎనిమిది సీసాలోనూ చిక్కగానే ఉండిపోయింది. రెండుసార్లూ అంతే. మూడోసారీ తప్పితే సీటు రద్దు. ఫలితం చూడ్డానికి కమిటీ వచ్చేది ఆ మధ్యాహ్నమే.

బాలశౌరి గారు ఎనిమిది సీసా ఎత్తారు.

"ఈ బఫర్ ఎక్కడ కలిపావ్?"

"కోల్డ్ రూమ్‌లోనండి."

"ఎందుకూ?"

"బయట మాడిపోతున్నాం కదండీ! అందరం అక్కడే కలుపుతాం."

నిజమే. మే నెలలో మా పిల్లలకు అదే విహారస్థలం. కాని పీహెచ్‌ను నిలిపి ఉంచడానికి పోసే ఆ ట్రిస్ బఫర్ ద్రావణం వేడెక్కేకొద్దీ, దాని పీహెచే దిగుతుంది. నాలుగు డిగ్రీల చలిలో ఎనిమిదిగా ఉన్నది, ముప్పై ఎనిమిది డిగ్రీల ల్యాబులోకి వచ్చేసరికి ఏడుకు జారింది.

"ఏడు పోసి ఎనిమిదని రాస్తావా? బుద్ధుందా?" లేబుల్ పర్రుమంది.

"నేనంటే ఎందుకు సార్ అంత మంట? లేబుల్ చింపితే పోగులు తెగుతాయా?" డయానా కూడా అరిచింది.

అప్పుడే డిపార్ట్‌మెంట్ హెడ్ రామతులసి గారు కమిటీని వెంటబెట్టుకుని వచ్చారు.

"తప్పు బఫరా? ఎవరు కలిపారు?"

"పేరుందాండీ దానిమీద?" బాలశౌరి గారు గర్జించారు. "ల్యాబు సీసా, ల్యాబు తప్పు! ఇన్‌చార్జిని నేను. గంట టైమివ్వండి. కాదంటే నన్ను తీసెయ్యండి!"

కలిపినవాళ్ల పేరుండేది లేబుల్ మీదే. నాకప్పుడు తట్టింది: పదేళ్లుగా ఆ ల్యాబులో తప్పు సీసాలు బోలెడు దొరికాయి గాని, తప్పు చేసిన విద్యార్థి ఒక్కరూ దొరకలేదు.

డయానా చెమటలు కక్కుతూ ఆ వేడిలోనే మళ్లీ కలిపింది. బాలశౌరి గారు పక్కన నిలబడి తిడుతూనే ఉన్నారు. ఆరున్నర సీసాలో ద్రవం చిక్కగా నిలిచింది. ఎనిమిదిలో నీళ్లలా అయింది.

సీటు నిలిచింది. కమిటీ నివేదికలో ఒకే ఒక్క అభ్యంతరం నమోదైంది: గదిలో ఉక్కగా ఉంది.