బొట్టు పెట్టిన అద్దంతో నాంపల్లికి

కార్తీకం మొదట్లో ఒక మంగళవారం పొద్దున ఏడున్నరకి నేనూ మా ఆవిడ అనసూయా వికారాబాద్ స్టేషన్‌కి చేరాం. నా చేతిలో సకినాల డబ్బా. అందులో నాలుగు మడతల దూది గుడ్డ మధ్య ఎనిమిది అంగుళాల టెలిస్కోప్ అద్దం. మా ఇద్దరి మధ్యా సరైన మాట లేక అప్పటికి మూడు వారాలు.

ఈ ప్రయాణం ఎందుకో ముందే చెప్పేస్తాను. నేను నాంపల్లి కోర్టులో ముప్ఫై రెండేళ్లు గుమస్తాగా పనిచేశాను. మా నాన్నగారు యాభై ఆరులో గుంటూరు వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయారు. అనసూయ వాళ్లది తరతరాలుగా హైదరాబాదే. నేను రిటైరయ్యాక కాస్త గాలీ వెలుతురూ కావాలని వికారాబాద్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాం. అక్కడ మొదటి చలికాలం మేడ మీద నిలబడి తలెత్తితే, నగరంలో ఇన్నేళ్లూ నా నెత్తి మీద ఏముందో చూడకుండానే బతికానని తెలిసింది. మూడంగుళాల చిన్న టెలిస్కోప్ కొన్నాను. శని గ్రహాన్ని మొదట చూసింది అనసూయే. "కమ్మలు పెట్టుకున్నట్టున్నది" అంది. అప్పట్నుంచి రోజూ దీపం పెట్టాక చాప తీసుకుని మేడెక్కి కూర్చునేది. "ఇప్పుడేంది? ఏం కనబడుతున్నది?" అని అడుగుతూ ఉండేది. నాకు ఆకాశం ఎంత ఇష్టమో ఆ అడగడం కూడా అంతే ఇష్టం.

నాలుగేళ్లకి ఈ పిచ్చి ఉన్న వాళ్లందరికీ వచ్చే జబ్బే నాకూ వచ్చింది. ఇంకాస్త పెద్దది కావాలి. ఆబిడ్స్‌లో పాత దుర్భిణీలు బాగుచేసే లక్ష్మణ్‌రావు గారు చేత్తో అద్దాలు అరగదీస్తారని తెలిసి, ఆయన దగ్గర ఎనిమిది అంగుళాలది చేయించుకున్నాను. మా ఊరి వడ్రంగి ప్లైవుడ్‌తో గొట్టం చేసిచ్చాడు. దసరాకి రెండు రోజుల ముందు పని పూర్తయింది. ఇంటికి ఎవరొచ్చినా ఒకటే చెప్పేవాణ్ణి. "టెలిస్కోప్ అంటే అద్దమేనండీ. ప్రాణమంతా అందులోనే ఉంది, మిగతాదంతా కర్ర."

పండగ నాడు నేను జమ్మి ఆకు తేవడానికి వెళ్లి వచ్చేసరికి, అనసూయ ఆయుధ పూజ చేసేసింది. స్కూటరుకీ, గ్రైండరుకీ, కత్తిపీటకీ బొట్లు పెట్టింది. గొట్టంలో బిగించకుండా పీట మీద పెట్టి ఉంచిన నా కొత్త అద్దానికి కూడా పెట్టింది. సరిగ్గా మధ్యలో, తడిపిన కుంకుమతో, కందిగింజంత బొట్టు.

అరిచాను. జమ్మి ఆకు పంచడానికి వచ్చిన ఇరుగుపొరుగు ముందే అరిచాను. "బుద్ధుందా నీకు?" అన్నది అందులో మర్యాదగా ఉన్న మాట. ముప్ఫై ఏడేళ్ల కాపురంలో ఆవిడ మీద అంత గొంతు ఎప్పుడూ లేవలేదు. అనసూయ కొంగుతో చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ బొట్టు నేను తుడవలేదు. తుడిస్తే గీతలు పడతాయని పైకి చెప్పాను. నిజం వేరే. సాక్ష్యం చెరపకూడదన్న కోర్టు బుద్ధి నాది. అలాగే బిగించి చూస్తే ప్రతి నక్షత్రానికీ తోకలు కనిపించాయి. "చూశావా, నీ బొట్టు చేసిన పని" అన్నాను. ఆ సాయంత్రం నుంచి ఆవిడ మేడెక్కడం మానేసింది. చాప గోడకి ఆనించి ఉండిపోయింది. పెద్ద టెలిస్కోప్ వచ్చింది, పక్కన మనిషి లేదు. అది నన్ను తినేస్తున్నా ముందుగా నోరు విప్పడానికి అహం అడ్డొచ్చింది.

అద్దం ఆబిడ్స్ తీసుకెళ్లి చూపిస్తానన్నప్పుడు అనసూయ సకినాల డబ్బా తుడిచి నా ముందు పెట్టింది. "నేనూ వస్త. ఖరాబైందో లేదో నా చెవులతోని వింట" అంది.

ఎనిమిదింటి బండి పదిహేను నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. మా ఇద్దరి టికెట్లూ కలిపితే రెండు టీల ఖర్చు. పెట్టెలో జనం ఉన్నా కిటికీ సీటూ దాని పక్క సీటూ దొరికాయి. కిటికీ సీట్లో డబ్బా పెట్టాను, దాన్ని ఆనుకుని నేను కూర్చున్నాను. అనసూయ నా ఎదురుగా ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుంది. "ఇటియ్యుండ్రి, ఒళ్లె పెట్టుకుంట" అని ఒకసారి చెయ్యి చాపింది. "వద్దులే" అన్నాను.

తలుపు దగ్గర సీతాఫలాల గంపతో ఒక పెద్దామె నిలబడి ఉంది. వికారాబాద్ గుట్టల పండ్లు లింగంపల్లిలో అమ్ముకోవడానికి తీసుకెళుతోంది. కాసేపు డబ్బా వంకే చూసి అడిగింది.

"ఏముంది సారు అండ్ల?"

"అద్దం."

"అద్దమా? మనిషి నిలబడ్డది, అద్దానికి సీటా?"

పక్కనున్న వాళ్లు నవ్వారు. అనసూయ నవ్వలేదు, లేచి ఆమెకి తన సీటు ఇచ్చింది. శంకర్‌పల్లి నుంచి లింగంపల్లి దాకా మా ఆవిడ నిలబడే వచ్చింది. నేను డబ్బా తీయలేదు. ఇది రాస్తుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

పదింబావుకి నాంపల్లిలో దిగాం. స్టేషన్ బయట ఇరానీ హోటల్లో టీ తాగి, నడిచే ఆబిడ్స్ వెళ్లాం. మెట్రో స్తంభాల కింద ఆటోలూ, బస్సులూ తోసుకుంటున్నాయి గానీ నడిచేవాళ్లకి పదిహేను నిమిషాల దారి. వెళ్లాలనుకునే వాళ్లకి ఒక మాట. ఆదివారం వెళ్లకండి. ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుస్తారు, పెళుసు సామాను పట్టుకుని అడుగు వెయ్యలేం.

లక్ష్మణ్‌రావు గారి దుకాణం ఒక సందులో, కళ్లద్దాల షాపు పైన మొదటి అంతస్తులో ఉంటుంది. డెబ్బై దాటిన మనిషి. గోడ పొడుగునా దుర్భిణీలూ, భూమి కొలిచే పాత యంత్రాలూ. పదకొండింటికి మేం వెళ్లేసరికి ఆయన ఒక దుర్భిణీ విప్పుకుని కూర్చున్నారు.

"ఏంది సార్, గిట్లొచ్చిన్రు? పగిలిందా ఏంది?"

డబ్బా మూత తీసి చూపించాను. ఆయన కళ్లజోడు పైకి జరుపుకుని వంగి చూశారు.

"ఎన్నొద్దుల కింది కుంకుమ ఇది?"

"దసరా నాటిది."

"గప్పుడే నీళ్లు పోస్తే కొట్టుకపోతుండె గద. గిన్నొద్దులు ఎందుకుంచిన్రు?"

నా వెనక నుంచి అనసూయ చెప్పింది. "సాక్ష్యం కోసం ఉంచిన్రు."

ఆయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. అద్దాన్ని పళ్లెంలో పెట్టి శుద్ధి చేసిన నీళ్లు పోశారు. ఎర్ర రంగు కరిగి నీళ్లలోకి జారింది. దూదితో ఒత్తకుండా అద్ది, ఆరాక వెలుతురుకి పట్టుకున్నారు. మధ్యలో బూడిద రంగు మచ్చ ఉండిపోయింది.

"కుంకుమల సున్నం ఉంటది సార్. తడితోని మూడు వారాలుంటే పైన పూత తింటది. ఇగ ఇది పోదు."

అనసూయ తలుపు చట్రం పట్టుకుంది. ఆవిడ వినడానికి వచ్చిన మాట ఇదేనా అనిపించింది.

"దీనివల్లేనా నక్షత్రాలకి తోకలొస్తున్నాయి?" అన్నాను.

"దీనితోని తోకలా?" ఆయన నవ్వారు. "అద్దాలు బిగించినప్పుడు సూటి ఎట్ల చేసిన్రు? నడిమి గుర్తు ఏది చూసి చేసిన్రు?"

"ఏ గుర్తు?"

"డబ్బాల కాయితం పెట్టిచ్చిన గద. అద్దం నడుమ గుర్తు పెట్టుకోండ్రి, దాన్ని చూసుకుంట సూటి చేసుకోండ్రి అని రాసిన."

ఆ కాయితం అప్పుడే చదివాను. నిజమే. కానీ కొత్త అద్దం మీద గుర్తు పెట్టడానికి నా చెయ్యి ఆడలేదు. కంటి అంచనాతో బిగించేశాను. అదే చెప్పాను.

ఆయన కుర్చీ చూపించి, బుడ్డోడికి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పారు. పెద్ద అద్దం గొట్టం అడుగున ఉంటుంది. వెలుతురుని పక్కకి తిప్పే చిన్న అద్దం గొట్టం మూతి దగ్గర ఏటవాలుగా ఉంటుంది. ఆ చిన్న అద్దం నీడ ఎప్పుడూ పెద్ద అద్దం నడిమధ్యే పడుతుంది. అక్కడ ఏ నక్షత్రం వెలుగూ పడదు. అందుకే గుర్తు అక్కడ పెడతారు. అది లేకుండా రెండు అద్దాలూ ఒకే సూటిలోకి రావు, సూటి కుదరకపోతే తోకలు వస్తాయి. తప్పంతా నా బిగింపుది.

తర్వాత అద్దమంత గుండ్రటి కాయితం కత్తిరించి, నాలుగు మడతలు పెట్టి, కొసన చిన్న చిల్లు చేసి, విప్పి అద్దం మీద పరిచారు. ఆ చిల్లులోంచి బూడిద మచ్చ పూర్తిగా కనిపించింది. ఏ పక్కకీ జరగలేదు. ఆయన కాయితాన్ని తిప్పి మళ్లీ పరిచారు. మళ్లీ అంతే.

"ఎవరు పెట్టిన్రు ఇది?"

"నేనే" అంది అనసూయ.

"దేనితోని కొలిచిన్రమ్మా?"

"కొల్వలే. ముగ్గేసేటప్పుడు నడిమి చుక్క కొలుస్తమా? కంటికి తెలుస్తది."

"మరి గొట్టం ఉండంగ, అద్దానికే ఎందుకు పెట్టిన్రు?"

అనసూయ ఆయన్ని కాదు, నన్ను చూస్తూ చెప్పింది. "టెలిస్కోప్ అంటే అద్దమే, పానమంత అండ్లనే ఉన్నది, మిగతాదంత కట్టె అని వచ్చినోళ్లందరికి ఈయన్నే చెప్పిన్రు. నేను విన్న."

నేను చెప్పింది ఎంతోమంది విని తలూపి వెళ్లారు. నిజంగా విన్నది ఒక్కతే. ఆ ఒక్కదాని మీదే నేను అరిచాను. ఆ క్షణాన నాకు కలిగిన సిగ్గు ఇంతా అంతా కాదు.

పూత మళ్లీ వేయించాలంటే వేరే ఊరు పంపాలి, నెలలు పడుతుంది, అక్కర్లేదు అన్నారు లక్ష్మణ్‌రావు గారు. మచ్చ చుట్టూ అంటించడానికి నల్లటి చిన్న కాయితం రింగు ఇచ్చారు, పైనుంచి చూస్తే గుర్తు తేటగా కనిపిస్తుందని. దాన్ని అనసూయ వైపు చాపారు. "మీ చెయ్యి మంచిగున్నదమ్మా, మీరే అంటియ్యుండ్రి."

ఆవిడ చేతులు కదల్చలేదు. "అద్దం ఆయనది. ఆయన్నే అంటించుకొమ్మనుండ్రి."

రింగు నా చొక్కా జేబులోకి చేరింది.

ఒంటిగంటన్నరకి ఆబిడ్స్ మెస్‌లో భోంచేశాం. పప్పూ, వంకాయ కూరా, పలచటి పెరుగు. ఎదురెదురుగా కూర్చుని ఎవరి విస్తరి వాళ్లు చూసుకున్నాం. తిరిగి స్టేషన్‌కి నడిచే దారిలో నేను పనిచేసిన కోర్టు వైపు చూశాను. అవతలి పక్షం చెప్పేది వినకుండా తీర్పు రాయకూడదని గుమస్తాకి కూడా తెలుసు. ఇంట్లో నేను అదే చేశాను.

నాలుగింటి బండి ఎక్కాం. మళ్లీ కిటికీ సీట్లో డబ్బా, పక్కన నేను. ఖైరతాబాద్ దాటాక, ఎదుటి బల్ల మధ్యలో కూర్చున్న అనసూయకి మెల్లగా చెప్పాను. "తప్పు నాది."

ఆవిడ కిటికీలోంచి చూపు తిప్పలేదు. "అందరి ముంగట అన్నరు. ఇప్పుడు చెవుల చెప్తున్రు."

ఆ మాటా న్యాయమే. లింగంపల్లిలో మా పెట్టెలోకి పొద్దున్నటి సీతాఫలాల పెద్దామె ఎక్కింది, ఖాళీ గంపతో. డబ్బా చూసి గుర్తుపట్టింది. "ఇంక గట్లనే సీట్ల కూసుండబెట్టినవా అద్దాన్ని?"

లేచి నిలబడ్డాను. పెట్టెలో పది పన్నెండు మంది ఉంటారు. "అమ్మా, మా ఆవిడ దసరాకి ఈ అద్దానికి బొట్టు పెట్టింది. పాడు చేసిందని పదిమందిలో తిట్టాను. అది పెట్టాల్సిన చోటే పెట్టిందని ఇవాళ తెలిసింది. తప్పు నాది. నువ్వు సాక్షివి" అన్నాను. చెవుల్లో తీగలు పెట్టుకున్న కుర్రాడొకడు తీగలు తీసి మరీ చూశాడు.

"ఇగో సారు" అంది పెద్దామె గంప దించి, "సాక్ష్యం తర్వాత. ముందుగాల ఆమెను కిటికీ కాడ కూసుండబెట్టు."

డబ్బా తీశాను. అనసూయ వచ్చి కిటికీ పక్కన కూర్చుంది. డబ్బా ఆవిడ ఒళ్లో పెట్టాను. రెండు చేతులూ మూత మీద వేసి పట్టుకుంది. పొద్దున్నుంచి నా చేతుల్లో అదురుతూ వచ్చిన అద్దం అక్కడ కదలకుండా కూర్చుంది. అద్దాలు మోసుకుని ఈ దారిన వెళ్లేవాళ్లకి నేను ఇవ్వగలిగిన సలహా కూడా అంతే. కిటికీ సీటు అద్దానికి ఇవ్వకండి.

శంకర్‌పల్లి దాటాక పొద్దు వాలింది. పొలాల మీద ఎండ పచ్చబడింది. అనసూయ నా వైపు వంగింది.

"ఒకటి చెప్త, కోపం చెయ్యొద్దు."

"చెప్పు."

"మూతికాడ చిన్నద్దం ఉన్నది గద. దానికి గూడ పెట్టిన."

మూడు వారాలుగా ఆ మాట లోపలే దాచుకుంది, నేను మళ్లీ అరుస్తానని. పెద్ద అద్దం మీద కోపంలో ఆ చిన్నదాని వైపు నేను చూడనే లేదు. నాకు నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

"అదీ నడుమనేనా?" అన్నాను.

"నడుమనే" అంది. తర్వాత ఒక చెయ్యి డబ్బా మీద ఉంచి రెండోది నా ముందుకి చాపింది. "జేబుల రింగు ఇటియ్యుండ్రి. ఇంటికి పోయి దీపం పెట్టినంక అంటిస్త. మీరైతే వంకర పెడతరు."

తీసి ఇచ్చాను. వికారాబాద్ ఇంకా అరగంట ఉంది.