పదిహేనుకు ఏడు మార్కులు

నా చిన్నప్పుడు మా బాబాయి ఢిల్లీ పక్కనున్న ఫరీదాబాద్‌లో ఫ్యాక్టరీ డ్యూటీ దిగి ఇంటికి వస్తూ స్కూటరు మీంచి పడ్డాడు. తలకు పెద్ద దెబ్బ. పిన్ని పెళ్లయి ఢిల్లీ వచ్చి ఆరు నెలలే, హిందీ ముక్క రాదు. బడిలో నేర్చిన హిందీతో పదేళ్లదాన్ని నేనే ఆసుపత్రిలో ఆవిడకు నోరూ చెవీ అయ్యాను.

రోజూ ఉదయం డాక్టరుగారు వచ్చి కళ్లు తెరుస్తున్నాడా, మాట్లాడుతున్నాడా, చెప్పినట్టు చెయ్యి కదుపుతున్నాడా అని చూసి, మూడింటికీ మార్కులు వేసి కలిపేవారు. మొత్తం పదిహేను. బాబాయికి ఏడు. "ఏడంటే పాసేగా?" అని పిన్ని నన్ను అడిగేది. మా బడి లెక్కన పాసే, అవుననేదాన్ని. ఏ కదలికా లేని మనిషికి కూడా అందులో మూడు వేస్తారని నాకప్పుడు తెలియదు. తెలిసుంటే మాత్రం చెప్పేదాన్నా, ఏమో.

రెండో వారంలో ఒక పొద్దున బాబాయి పిన్ని వేలు పట్టుకున్నాడు. ఆవిడ ఏడుస్తూ నవ్వుతూ నన్ను పంపి డాక్టరుగారిని పిలిపించింది. ఆయన చూసి, "అబ్ బోలో, ఛోడ్ దో" అన్నారు. వదలమని చెప్పాలట అని నేను పిన్నికి చెప్పాను. ఆవిడ బాబాయి చెవి దగ్గరికి వంగి, "వదలండి, ఒక్కసారి వదలండి" అంది. పట్టు అలాగే ఉంది.

"చూశావుటే, నన్ను వదలనంటున్నారు" అంది పిన్ని.

డాక్టరుగారు నాకు హిందీలో మెల్లగా చెప్పారు. అరచేతిలో ఏం పెట్టినా పసిబిడ్డ కూడా పట్టుకుంటుంది, అది తెలివి రావడం కాదు, చెప్పగానే వదిలితేనే మాట విన్నట్టు. అది తెలుగులో చెప్పబోతుంటే ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "రహనే దో, బేటా" అన్నారు, చెప్పకులే అన్నట్టు. కాగితం మీద మళ్లీ ఏడే వేసి వెళ్లిపోయారు.

ఇంకో మూడు వారాలకు బాబాయి పోయాడు. చివరిదాకా నా చెయ్యి వదల్లేదని పిన్ని ఇప్పటికీ అంటుంది. నేను తలూపుతాను.

ఇప్పుడు ఢిల్లీలోనే, సాకేత్‌లో ఒక ఆసుపత్రిలో మావారి మంచం పక్కన కూర్చున్నాను. బాత్రూములో జారి పడ్డారు. మార్కులు ఇప్పటికీ పదిహేనుకే, కాకపోతే కంప్యూటర్లో వేస్తున్నారు. నిన్న ఆరు. ఇందాక నా వేలు పట్టుకున్నారు. "నానీ, దేఖో, పకడ్ లియా" అంటూ, అమ్మమ్మా చూడు పట్టుకున్నారని, మా మనవరాలు వీడియో తీసి అందరికీ పంపింది.

కాసేపట్లో డాక్టరమ్మ వస్తుంది. ఈలోపు ఆయన చెవిలో ఆ ఒక్క మాట నేనే చెప్పి చూడవచ్చు. నాకు భయంగా ఉంది. పిన్నిలా పొరబడే అదృష్టం లేనిదాన్ని, వేలు ఆయన చేతిలోనే ఉంచి నోరు మూసుకుని కూర్చున్నాను.