వెనక సీటు బాగాలేని బండి

అది 2012. సికింద్రాబాద్ తిరుమలగిరిలో పాత మోటార్ సైకిళ్ళు కొని అమ్మే షాపులో నేను సేల్స్ చూసేదాన్ని. చిలకలగూడ నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. బండ్ల షాపులో ఆడమనిషికేం పని అని మొదట్లో నవ్వినవాళ్ళే తర్వాత తర్వాత "పద్మక్కా, ఏది తీస్కొమ్మంటవ్?" అని నన్నే అడిగేవారు. చుట్టూ ఆర్మీ ఏరియా కాబట్టి ఊళ్ళో ఇంకెక్కడా దొరకని బండ్లు మా దగ్గరికి వచ్చేవి. ఆఫీసర్లకు పోస్టింగ్ రాగానే, ముచ్చటపడి కొనుక్కున్న బండిని అంత దూరం ఎక్కడ మోసుకుపోతామని మాకు ఇచ్చేసి వెళ్ళేవారు. వాటిలో అడ్వెంచర్ టూరర్లు ఉండేవి. అంటే తారు రోడ్డు మీద రోజంతా నడిపినా ఒళ్ళు హూనం కాకుండా, రోడ్డు లేని చోట రాళ్ళ మీద కూడా పోయేలా ఎత్తుగా తయారుచేసిన బండ్లు. అప్పట్లో మన దగ్గర అవి చాలా అరుదు.

ఆ ఏడాది మొదట్లో మా షాపులో అలాంటివి రెండున్నాయి. ఒకటి నల్లది, విదేశీ బండి, రెండు సిలిండర్లది, గుర్రమంత ఎత్తు. రెండోది ఎర్రది, ఒకే సిలిండర్, తేలిక. ఒక శనివారం మధ్యాహ్నం సుగుణ గారు వచ్చి ఆ రెండింటి మధ్య నిలబడ్డారు.

ఆమె బన్సీలాల్‌పేట్ వైపు ఒక మిషన్ స్కూల్లో గేమ్స్ టీచర్. గుంటూరు వైపు మనిషి, పెళ్ళయి సికింద్రాబాద్‌లో స్థిరపడ్డారు. నలభై దాటాయి. పొట్టిగా, గట్టిగా ఉంటారు. చేతి గడియారం పక్కనే విజిల్ తాడు కూడా కట్టుకుని ఉన్నారు. బండి ఎవరికి మేడమ్ అని అడిగాను.

"నాకేనండీ. ఎండాకాలం సెలవుల్లో హిమాచల్ వెళ్ళాలని. ఢిల్లీ దాకా బండిని రైల్లో వేసేసి, అక్కణ్ణుంచి నేనే నడుపుకుంటూ కొండలెక్కాలని నా ఆశ."

"సార్ ఒప్పుకున్నరా?"

"ఒప్పుకోకేం? పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన వెనకాలే కూర్చుని తిరిగానండీ. ఏ ఊరు చూసినా ఆయన భుజం పక్కనుంచే చూశాను. ఒక్కసారి ఎదురుగా చూడాలని ఉంది."

ఆ మాటకు నా మనసు కరిగిపోయింది. అబ్బ, ఇన్నాళ్ళకు ఒక మంచి గిరాకీ వచ్చిందిరా అనుకున్నాను.

ఈ బండ్లు ఎంచుకునేటప్పుడు అందరూ ఇంజిన్ గురించి అడుగుతారు. నేను మాత్రం ముందు సీట్ హైట్ చూడమంటాను. అంటే నేల నుంచి సీటు ఎంత ఎత్తులో ఉందనేది. రోడ్డు మీద ఒక్క కాలు ఆనినా నెట్టుకురావచ్చు. కొండదారిలో, కంకర మీద, ఆపాల్సి వచ్చినప్పుడు రెండు కాళ్ళూ ఆనాలి. లేకపోతే బండి మనిషితో సహా పక్కకు ఒరుగుతుంది. అందుకే షాపు వెనక కొంచెం జాగాలో కంకర పోయించాను. కొనేవాళ్ళను అక్కడ బండి మీద కూర్చోబెట్టి చూస్తాను.

నల్లదాని మీద కూర్చుంటే సుగుణ గారికి కాలి వేళ్ళు మాత్రమే తగిలాయి. బండి ఒక పక్కకు వాలిపోతుంటే ఇద్దరం కలిసి పట్టుకున్నాం. "అమ్మో! ఇది నన్ను మోస్తుందా, దీన్ని నేనే మోయాలా?" అని ఆమె పకపకా నవ్వారు. ఎర్రదాని మీద పాదాలు రెండూ నిండుగా ఆనాయి. ఆ తర్వాత ప్రతి శనివారం స్కూలు వదలగానే వచ్చేవారు. కంటోన్మెంట్‌లోని ఖాళీ రోడ్ల మీద, తర్వాత కంకర మీద, ఫుట్‌రెస్టుల మీద నిలబడి నడపడం కూడా నేర్చుకున్నారు. పడ్డారు, లేచారు, మోచేయి గీరుకుపోతే "ఏం కాలేదులెండి" అని మళ్ళీ ఎక్కారు.

ఎర్రదానికి ఒక్కటే లోపం. దాచిపెట్టి అమ్మడం నాకు చేతకాదు. "మేడమ్, దీని వెనక సీటు అస్సలు మంచిగ లేదు. పీట లెక్క గట్టిగుంటది. ఎవరన్న కూసుంటే గంట గాకముందే దిగుతనంటరు."

సుగుణ గారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "అందుకే ఇది కావాలండీ. వెనక సీటు బాగుంటే ఎవరో ఒకరు నన్ను దానిమీద కూర్చోబెడతారు."

ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. అడ్వాన్స్ కట్టారు. లోన్ ఆమె జీతం మీదే, కాగితాలన్నీ ఆమె పేరునే.

ఆఖరి శనివారం భర్త డేనియల్ గారు కూడా వచ్చారు. గవర్నమెంటు ఆఫీసులో ఉద్యోగం, పొడుగాటి మనిషి, మెత్తని మాట. ఆయన చెడ్డవాడైతే ఈ సంగతి చెప్పడం నాకు సులువుగా ఉండేది. ఎర్ర బండి చుట్టూ తిరిగి వెనక సీటును బొటనవేలితో నొక్కి చూశారు.

"ఇదేంటి సుగుణా ఇలా ఉంది? నువ్వెక్కడ కూర్చుంటావు?"

"ముందు కూర్చుంటానండీ."

"ఆ కొండల్లోనా? ఎందుకమ్మా ఆ తిప్పలు? నేనూ సెలవు పెట్టేశాగా. నేను నడుపుతా, నువ్వు హాయిగా చుట్టూ చూసుకుంటూ కూర్చో." ఆయన నల్లదాని మీదకెక్కారు. కాళ్ళు చక్కగా ఆనాయి. వెనక సీటు వెడల్పుగా, మెత్తగా, వీపుకు ఆనుకునే దిండుతో సహా ఉంది. దాన్ని చేత్తో తట్టారు. "చూడు, నీకోసమే కుర్చీ వేసినట్టుంది. నీ నడుం గురించే నా బాధంతా."

సుగుణ గారు ఎర్రదాని పక్కకు జరిగారు. కోప్పడితే ఎదురు చెప్పొచ్చు. ఇంత ప్రేమగా చెప్పేవాళ్ళతో ఏమని పోట్లాడతాం? నాకు మాత్రం ఒళ్ళు మండింది.

"సార్, మేడమ్ ఎర్రదాన్ని కంకర మీద సుత మస్తుగ నడుపుతున్నరు. నల్లదానికి ఆమెకు కాళ్ళు అందయి. జెర మీరే వెనక గూసోని చూడుండ్రి."

"నేను వెనకా?" అని ఆయన నవ్వారు. కౌంటర్ దగ్గర మా ఓనర్ కూడా నవ్వి నన్ను పక్కకు పిలిచాడు. "ఏందమ్మా పద్మా, పెద్ద బండి పోతుంటె నీకేం తక్లీఫ్? మొగుడు పెండ్లాల నడుమ నువ్వెందుకు దూరుతున్నవ్?"

నేను ఓనర్ని లెక్కచేయకుండా సుగుణ గారి దగ్గరికే వెళ్ళాను. "మీ బండి మేడమ్. మీరు చెప్పుండ్రి."

ఆమె ఎర్రదాని హ్యాండిల్ మీద చెయ్యి వేశారు. "ఆయన ముచ్చట పడుతున్నారు కదండీ. ఆ నల్లదే ఇచ్చేయండి," అన్నారు.

డెలివరీ రోజు హిందువులైతే టైరు కింద నిమ్మకాయ పెట్టి కొబ్బరికాయ కొడతారు. వీళ్ళు ప్రార్థన చేయించారు. వాళ్ళ చర్చి సంఘ పెద్ద ఒకాయన బండి ట్యాంకు మీద చేయి పెట్టి కళ్ళు మూసుకున్నారు. "ప్రభువా, ఈ వాహనము నడుపు నీ దాసుని, అతని వెనుక కూర్చుండు నీ దాసురాలిని కాపాడుము." అందరితోపాటు సుగుణ గారు కూడా ఆమేన్ అన్నారు. ఆమె గొంతే అందరికన్నా గట్టిగా వినిపించింది. ఆ పెద్దాయన తాళం చెవి తీసుకెళ్ళి డేనియల్ గారి చేతిలో పెట్టారు. ఫోటోలో కూడా తాళం ఆయన చేతిలోనే ఉంది. ఆ ఫోటో చాలా కాలం మా షాపు గోడ మీద ఉంది.

వానలు మొదలయ్యాక డేనియల్ గారు బండిని సర్వీసింగ్‌కు తెచ్చారు. ఎండకు ముఖం నల్లబడింది, మనిషి మంచి హుషారుగా ఉన్నారు. కొండల గురించి, మంచు గురించి తెగ చెప్పారు.

"మేడమ్‌కు నచ్చిందా సార్?"

"తను రాలేదండీ. అంత దూరం వెనక కూర్చోవడం నా వల్ల కాదంది. నడుం నొప్పి కదా. నేనొక్కణ్ణే వెళ్ళొచ్చా."

నోరు తెరిస్తే ఏమంటానోనని నాకే భయం వేసింది. బిల్లు రాసి ఇచ్చి లోపలికి వెళ్ళి మొహం కడుక్కున్నాను.

మరుసటి ఏడాది ఇన్సూరెన్స్ రెన్యువల్ వచ్చింది. లోన్ ఆమెదే కావడంతో నల్ల బండి కూడా ఆమె పేరునే ఉంది కాబట్టి సంతకానికి సుగుణ గారే రావాల్సి వచ్చింది. ఆటోలో వచ్చారు. కాగితం ముందు పెడితే పెన్ను పట్టుకుని, ఎర్ర బండి ఉండే మూల వైపు చూశారు.

"పోయిందా?"

"పోయింది మేడమ్. అల్వాల్‌ల ఉండే పండ్లు పీకే డాక్టరమ్మ కొన్నది."

"ఎవరితో వచ్చింది?"

"ఒక్కతే వచ్చింది."

"అయితే వెనక సీటు గురించి ఎవరూ అడగలేదన్నమాట," అన్నారు. సంతకం పెట్టి, పెన్ను నాకిచ్చి, ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

ఎవరైనా ఆడవాళ్ళు బండి కోసం వస్తే, సీట్ హైట్, బరువు, ట్యాంకులో ఎంత పడుతుంది, అన్నీ ఇప్పటికీ ఓపిగ్గా చెబుతాను. సుగుణ గారి తర్వాత ఇంకొక మాట కూడా చేర్చుకున్నాను. "మేడమ్, బండి తీస్కపోయే రోజు మీరొక్కరే రండ్రి," అంటాను. ఇట్లా గిరాకీ చెడగొడుతున్నావని మా ఓనర్ ఇప్పటికీ తిడతాడు. ఆ మాట విన్న ఆడవాళ్ళు సరేనని తలూపుతారు. తర్వాత చాలామంది ఇంట్లోవాళ్ళను వెంటబెట్టుకునే వస్తారు.