వంద మిల్లీమీటర్ల భయం

మలేసియాలో, బుకిట్ మెర్తాజమ్‌లోని ఆ వర్క్‌షాపులో ఊయ్ తెక్ బెంగ్‌ది ముప్పై ఏళ్ల అనుభవం. లోహాన్ని చెక్కే మిల్లింగ్ మిషన్‌కు ప్రోగ్రామ్ రాసేది ఆయనే. కట్టర్ ఎక్కడ దిగాలి, ఎటు తిరగాలి, ఎప్పుడు పైకి లేవాలి, అంతా ఆయన రాతే. చప్పుడు విని కట్టర్ మొద్దుబారిందని చెప్పేస్తాడు. మహా మొండిమనిషి, కానీ తప్పు తనదైతే ఒప్పుకునే రకం.

కొత్త ప్రోగ్రామ్‌తో మొదటి లోహపు ముక్కను చెక్కుతున్నంతసేపూ మిషన్‌ను ఆపే ఎర్ర బటన్ మీంచి చెయ్యి తీసేవాడు కాదు. ప్లాస్టిక్ సంచీలో కట్టి తెచ్చిన కాఫీ మిషన్ తలుపు కొక్కేనికి వేలాడుతూ చల్లారిపోయేది. ఏళ్ల తరబడి ఆయన చల్లారిన కాఫీయే తాగాడు.

ఈ ఏడు చిక్కొచ్చి పడింది. ఒక్కో అల్యూమినియం మూతకు నలభై ఏడు నిమిషాలు పడుతోంది. ముప్పై ఎనిమిదికి దించకపోతే ఆర్డరు పోతుంది, ఆర్డరు పోతే తెక్ బెంగ్ మిషన్ అమ్మేస్తానని యజమాని మొహం మీదే చెప్పాడు. ఆ మిషన్ లేని తనను ఆయన ఊహించుకోలేకపోయాడు. కట్టర్ వేగం పెంచి చూశాడు. రెండు కట్టర్లు విరిగాయి తప్ప ఒరిగిందేమీ లేదు.

అప్పుడు పక్క మిషన్ నడిపే రొహైజా స్టాప్‌వాచ్ పట్టుకుని వచ్చింది.

"అంకుల్, తిట్టనంటే ఒకటి చెబుతా."

"తిడతాను. చెప్పు."

"మీ కట్టర్ చెక్కేది ముప్పై అయిదు నిమిషాలే. మిగతా పన్నెండూ గాల్లో షికారు! గీత గీసిన ప్రతిసారీ వంద మిల్లీమీటర్లు పైకి లేపుతున్నారు. రెండొందల నలభై సార్లు. ఎందుకూ, పైకప్పు బూజు దులపడానికా?"

తెక్ బెంగ్ నవ్వలేదు. ఎడమచెయ్యి చాపాడు. చిటికెనవేలికి కొస లేదు.

"చేరిన ఏడాది అయిదు మిల్లీమీటర్లే లేపాను. ముక్కను బిగించిన బోల్టు పైకి పొడుచుకుని ఉంది, చూసుకోలేదు. కట్టర్ దానికి తగిలి ముక్కలైంది. అప్పటి మిషన్లకు అడ్డు తలుపులెక్కడివి? ఎగిరొచ్చిన పెంకు వేలి కొస పట్టుకుపోయింది. ఆ రోజు నుంచీ వందే."

"అయ్యో అంకుల్! మేమంతా మీ ప్రోగ్రామే కాపీ కొట్టాం. అదేదో పెద్ద రూలనుకున్నాం."

ఆయనకు సిగ్గేసింది. "బోల్టును కిందికి దించాల్సింది పోయి, ఇన్నేళ్లూ కట్టర్‌ను పైకి లేపుతూ కూర్చున్నానన్నమాట" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పైనుంచి బిగించే బోల్టులన్నీ పీకేశాడు. ముక్కను పక్కల నుంచి పట్టే వైస్‌లో బిగించాడు. పైన అరచేత్తో నిమిరి చూశాడు. ఎక్కడా ఏదీ తగల్లేదు. ప్రోగ్రామ్‌లో వంద కొట్టేసి మూడు వేశాడు.

మిషన్ మొదలైంది. కట్టర్ లోహాన్ని రాసుకుంటున్నట్టే దాటిపోతోంది. ఆయన ఎర్ర బటన్ మీదే అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. రొహైజా కాఫీ తెచ్చింది కానీ కొక్కేనికి తగిలించలేదు.

"పట్టుకోండి, కాలుతోంది. రెండు చేతులతో."

తెక్ బెంగ్ ఆ నున్నటి ముక్కను ఇంకోసారి చూశాడు. కట్టర్‌కు తగలడానికి అక్కడ ఏమీ లేదు. బటన్ వదిలేసి రెండు చేతులతో సంచీ అందుకున్నాడు.

"ముప్పై ఆరు!" చివరికి రొహైజా అరిచింది. "అంకుల్, ముప్పై ఆరు నిమిషాలు!"

"నాలుక కాలిందే" అన్నాడు తెక్ బెంగ్, నోరంతా నవ్వుతూ.