రెండో తీగ ఎక్కడికి పోతుంది

ఏదైనా ఒక్కటే ఉందంటే దోన్ పెర్సియోకు నమ్మకం కుదరదు. దేవుడొక్కడే అన్న మాటను మాత్రం, సిస్టర్ల బడిలో చదువుకున్నాడు గనక, మొహమాటానికి ఒప్పుకున్నాడు. మిగతా అన్నిటికీ ఆయన ప్రశ్న ఒకటే: "ఇది పోతే?"

చేతికి రెండు గడియారాలు. ఒకటి కీ ఇచ్చేది, ఒకటి బ్యాటరీది. "రెండూ బ్యాటరీవే పెట్టుకోవచ్చుగా?" అని ఎవరైనా అంటే జాలిగా చూసేవాడు. "అప్పుడవి రెండెలా అవుతాయి నాయనా? ఒకే రోగంతో పోయేవి రెండున్నా ఒకటే లెక్క."

ఆయన పెళ్ళికి ఇద్దరు ఫాదర్లొచ్చారని, మొదటాయన ప్రమాణం చేయిస్తూ తుమ్మగానే రెండో ఆయన అక్కణ్ణుంచి అందుకున్నాడని సాంతియాగో ఊరంతా చెప్పుకుంటుంది. పెళ్ళికూతురి విషయంలో మాత్రం చర్చి ఒప్పుకోలేదట.

ఇంతటి మనిషి పనిచేసేది కరెంటు కంపెనీ ఫిర్యాదుల ఆఫీసులో, అక్కడి తీగలూ యంత్రాలూ చూసుకుంటూ. కరెంటు పోయినప్పుడు జనం ఫోన్ చేసి తిట్టేది అక్కడికే. తిట్లు తినడానికి పన్నెండుమంది ఆడవాళ్ళు, వాళ్ళ మీద పెద్దగా యొకాస్తా. ఆ ఫోన్లన్నిటి ప్రాణం అలమరలో ఆకుపచ్చ దీపాలతో మినుకుమినుకుమనే నెట్‌వర్క్ స్విచ్ పెట్టెలో ఉంది. అది ఆగిందంటే పన్నెండు ఫోన్లూ మూగపోతాయి.

ఆ స్విచ్‌కు రెండు పవర్ సప్లైలున్నాయి. ఒకటి చెడితే రెండోది నడిపిస్తుంది. రాజధాని నుంచి వచ్చిన ఇంజనీరు రెండిటి తీగలనూ ఎంతో శ్రద్ధగా ఒకే ప్లగ్గుల పలకలో గుచ్చి వెళ్ళాడు. అది చూసి దోన్ పెర్సియో గుండె పట్టుకున్నాడు.

"రెండు కాళ్ళూ ఒకే చెప్పులో పెట్టి నడవమన్నాడు, యొకాస్తా!"

నడవలేదు. సగం ఊళ్ళో కరెంటు లేని ఒక మధ్యాహ్నం ఎవరో అదే పలకకు కాఫీ కెటిల్ తగిలించారు. పలక టప్పుమంది. నలభై నిమిషాలు ఫోన్లు లేవు. మర్నాడు రాజధాని నుంచి ఉత్తరం: ఆరు నెలలు చూసి తనిఖీకి మనిషిని పంపుతాం, ఫోన్లు ఇంకొక్కసారి ఆగాయంటే మీ ఆఫీసు మూసేసి పనంతా ఇక్కడికే తెచ్చుకుంటాం.

యొకాస్తా వేళ్ళ మీద లెక్క వేసింది. పన్నెండుమందిలో ఏడుగురి ఇళ్ళల్లో జీతం తెచ్చేది వాళ్ళే.

"ఇంకో ఇన్వర్టర్ అడిగారా, దోన్ పెర్సియో?"

"అడిగాను. రెండు తీగలున్నాయిగా, ఇంకేం కావాలన్నారు."

"మరెలా?"

"ఈ పేటలో ఏనాడూ కరెంటు పోని చోటు ఒకటుంది. చెప్పు చూద్దాం."

"ఆసుపత్రి."

"పోయిన మంగళవారమే పోయింది."

"బిషప్‌గారి ఇల్లు."

"ఆయనా పాపం అట్టముక్కతోనే విసురుకుంటాడు." దోన్ పెర్సియో గోడ మీద వేలితో తట్టాడు. గోడకవతల నెరేయిదా కొల్మాదో. ఉప్పు దగ్గర్నుంచి బీరు దాకా అన్నీ దొరికే కొట్టు. "ఈ పేటలో బీరు సీసా పెళ్ళికూతురిలా తెల్లటి మంచుముసుగు వేసుకుని రాకపోతే తిరుగుబాటు లేస్తుంది. అందుకని నెరేయిదాకు సొంత జనరేటరు, దాని వెనక బ్యాటరీలు."

"మన స్విచ్‌ను బీరు ఫ్రీజర్‌కు కడతారా?"

"నమ్మకం కంపెనీ మీద పెట్టమంటావా, జనం దాహం మీద పెట్టమంటావా?"

గోడకు కంత పడింది. ఒక తీగ ఆఫీసు ఇన్వర్టర్‌కు, ఒక తీగ కొల్మాదోకు. ప్రతి శుక్రవారం పదింటికి ఆయన ఒక తీగ లాగేవాడు, మళ్ళీ పెట్టి రెండోది లాగేవాడు. పన్నెండుమందీ శిలువ గుర్తు వేసుకుని ఊపిరి బిగబట్టేవాళ్ళు. "లాగి చూడని తీగ తీగే కాదు" అనేవాడాయన.

తనిఖీకి వచ్చినాయన పేరు ఒగాందో. మనిషి పొట్టి, టై పొడుగు. రాగానే మెయిన్ ఆపించాడు. ఇన్వర్టర్ అందుకుంది.

"బాగుంది. ఇప్పుడు ఇన్వర్టర్ కూడా ఆపండి."

ఎవరూ లేవకముందే ఒగాందో తనే వెళ్ళి ఆపేశాడు. ఫ్యాన్లు ఆగాయి, కంప్యూటర్లు ఆరిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఒక ఫోన్ మోగింది. పన్నెండుమందిలో ఒకతె, జునిల్దా, ఎత్తింది. "మూడు గంటలుగా కరెంటు లేదు, మీరు మనుషులా పశువులా?" అని అవతల ఒకామె అరిచింది. తిట్టు విని అంత ముచ్చటగా నవ్వినవాళ్ళు ఆ కంపెనీ చరిత్రలో లేరు.

"ఇదెలా?" అంటూ ఒగాందో తీగ వెంట వెళ్ళి గోడ దగ్గర వంగాడు. కంతలో తీగలు రెండున్నాయి. ఒకటి లోపలికి వస్తోంది. రెండోది ఆఫీసు ఇన్వర్టర్ నుంచి బయటికి పోతోంది.

"ఏమిటిది? మన కరెంటు బయటికి పోతోంది! కరెంటు కంపెనీ ఆఫీసులోంచే దొంగ తీగా?"

ఆ రెండో తీగ సంగతి యొకాస్తాకూ తెలియదు. దోన్ పెర్సియో తన రెండు గడియారాలూ మార్చి మార్చి చూసుకుంటున్నాడు.

ముగ్గురూ కొల్మాదోకు నడిచారు. తీగ బీరు ఫ్రీజర్ వెనకాల ఒక చిన్న ఫ్రిజ్ దగ్గర ఆగింది. ఒగాందో తలుపు లాగాడు. లోపల బీరు లేదు. వరసగా చిన్న చిన్న అట్టపెట్టెలు, ఒక్కోదాని మీద అతికించిన ప్లాస్టర్ ముక్క, దాని మీద ఒక పేరు. పదకొండు పేర్లు.

"ఇన్సులిన్," అంది నెరేయిదా, గల్లా దగ్గర్నుంచి లేవకుండానే. "ఈ వీధి ముసలాళ్ళది. వాళ్ళ ఇళ్ళల్లో ఇన్వర్టర్లెక్కడివి? ఎండకు మందు పాడైపోతోందని ఈ దోన్ పెర్సియోనే ఫ్రిజ్ మోసుకొచ్చాడు. నా జనరేటరు మొరాయిస్తే నా బ్యాటరీలు బీరుకే సరిపోతాయి, ఈ ఫ్రిజ్ మీ ఇన్వర్టర్‌కు మారుతుంది. ఆరు నెలల్లో రెండుసార్లు మారింది."

"ఫ్రిజ్ ఎక్కడిది?" అని యొకాస్తా అడిగింది.

"ఇంట్లో రెండున్నాయిలే," అని గొణిగాడు దోన్ పెర్సియో.

"అయితే ఇప్పుడు మీ ఇంట్లో ఒక్కటేనా? అది పోతే?"

"పోతే వేడినీళ్ళు తాగుతాను. నాకేమన్నా షుగరా?"

ఒగాందో ఆ పేర్లు చదువుతూ అలాగే నిలబడిపోయాడు. ఇంతలో చేతికర్ర టకటకలాడించుకుంటూ ఆ వీధి ముసలామె దోన్యా ఎర్సిలియా తన మందు కోసం వచ్చింది. టై కట్టుకున్న కొత్త మనిషి ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి పట్టుకుని ఉన్నాడు.

"ఏరా అబ్బాయ్, అందులో అద్దం ఉందా, మొహం చూసుకుంటున్నావు? చల్లదనమంతా పోతోంది, తలుపు వెయ్యి!"

ఒగాందో ఉలిక్కిపడి తలుపు వేశాడు. కలం తీసి నివేదికలో ఒకటే లోపం రాశాడు: గోడ కంతలో తీగలకు పైపు లేదు, వారంలోగా వేయించవలెను.

"మరి ఆఫీసు సంగతి?" అని యొకాస్తా అడిగింది.

"ఫోన్లు మోగుతున్న ఆఫీసును మూసెయ్యమని ఎలా రాస్తానమ్మా?" అని, కర్ర వైపు ఒక కన్నేసి ఉంచి, ఆయన ఆ తలుపు గట్టిగా పడిందో లేదో ఇంకోసారి నొక్కి చూశాడు.