జరీ దారంతో కట్టిన మొక్క

సూరత్‌లో జరీ కార్ఖానాలో పనిచేస్తాను. పోయిన ఏడాది మా అమ్మాయి శ్రావణి చిన్న గాజు తొట్టిలో ఎర్ర రొయ్యలను పెంచింది. అవి దాక్కోవడానికి మొక్క కావాలంటే అక్వేరియం దుకాణదారు జావా ఫెర్న్ అనే నీటి మొక్క ఇచ్చాడు. "కొత్తవాళ్లకు ఇదే సులువు. మట్టి వద్దు, ఎక్కువ వెలుతురూ వద్దు. నూలు దారంతో రాయికి కట్టండి, చాలు" అన్నాడు హిందీలో.

నేను కార్ఖానా నుంచి తెచ్చిన జరీ దారంతో కట్టాను.

"బాపూ, నూలు దారమన్నడు గద" అంది శ్రావణి.

"జరీ పనోని ఇంట్ల నూలు దారమేంది బిడ్డా? జర మెరవనీ."

వారం తిరగకముందే రొయ్యలన్నీ చచ్చిపోయాయి. మేత ఎక్కువ వేశావని అమ్మాయినే తిట్టాను. అది ఏడుస్తూ మేత డబ్బా నా చేతిలో పెట్టేసింది.

ఎందుకు చచ్చాయో కనుక్కుందామని ఆ మొక్కను రాయితో సహా దుకాణానికి తీసుకెళ్లాం. అతను దారాన్ని గోటితో గీకి చూశాడు. "ఇందులో రాగి ఉంది. నీళ్లలో రాగి దిగితే రొయ్యలు బతకవు. ఎవరు కట్టారు?"

నేను మొక్క వైపు చూస్తూ నిలబడ్డాను.

"అంకుల్, మైనే బాంధా" అంది శ్రావణి, నేను వేసిన ముడిని తనదిగా చెప్పుకుంటూ.

"చదువుకునే పిల్లవి, చెప్పింది వినొద్దా?" అని అతను మందలించాడు. అది తలూపింది. నేను రాయిని తీసి సంచిలో వేసుకున్నాను.

ఇంటికి వచ్చాక క్షమించమన్నాను. "పోనీ బాపూ, అందరి ముంగట నిన్నంటే నాకు మంచిగనిపియ్యదు" అంది.

రొయ్యలను తెలియక చంపాను. ఆ సంగతి ఎప్పటికైనా మరిచిపోతానేమో. నా బదులు తిట్లు తింటూ తలూపిన నా బిడ్డ ముఖం మాత్రం కళ్ల ముందు నుంచి పోవడం లేదు.