ఆరు వారాలకు సర్దిన వంటసామాను

మొన్న శనివారం పొద్దున, తెల్లాపూర్‌లో మా ఇంట్లో, నాలుగు రోజుల కారు ప్రయాణానికని మా ఆవిడ వంటసామాను డైనింగ్ టేబుల్ నిండా పరిచి, ఇదంతా ఏ సంచిలో పడుతుందని తల పట్టుకుని కూర్చుంది. నేను మూడు లీటర్ల కుక్కర్ దగ్గరకు లాక్కుని, అడుగున కందిపప్పు పొట్లం, దాని మీద పోపుడబ్బా, పక్కల మిగిలిన సందుల్లో చింతపండు, ఎండుమిరపకాయల చిన్న కవర్లు కుక్కి, మూత తిరగేసి పెట్టి తువ్వాలుతో ముడివేశాను. విజిల్ మాత్రం విడిగా తీసి నా షేవింగ్ సంచిలో వేసుకున్నాను, ఎందుకంటే ఊరు దాటాక పోయేది అదొక్కటే. "ఎవరు నేర్పించారు నీకిది?" అని ఆమె ఆశ్చర్యంగా అడిగితే, ఆఫీసులో ఒకాయన అన్నాను. ఆయన గురించి అంతకు మించి ఆమెకు ఎన్నడూ చెప్పలేదు.

నాతో పాటు ఉద్యోగాల్లో చేరిన వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఏ ఊళ్లో ఉన్నా ఫోను నొక్కితే అన్నం గుమ్మం ముందుకు వచ్చే రోజులు కావవి. క్లయింటు దగ్గరకు వెళ్లమంటే పెట్టెలో సగం బట్టలు, సగం వంటిల్లు సర్దుకునేవాళ్లం. కొండాపూర్‌లో ముగ్గురం కలిసి అద్దెకున్న గదిలో నాకొక పేరుండేది, లిస్టుల మాస్టారని. ఏ వస్తువు, ఎన్ని గ్రాములు, ఎవరు మోయాలి, ఏ గిన్నెలో ఏది ఇమడాలి అని గళ్లు గీసి రాస్తే తప్ప నాకు నిద్ర పట్టేది కాదు. కడపలో మా అమ్మ ఉల్లికారం పంపినా, దాన్ని తూచి రాసుకున్నాకే మూత తీసేవాణ్ణి.

అలాంటి రోజుల్లో గుజరాత్‌లో ఒక రసాయనాల ఫ్యాక్టరీకి మా సాఫ్ట్‌వేర్ పెట్టే పని వచ్చింది. ఆరు వారాలు. వెళ్లేది నలుగురం: కాకినాడ వైపు నుంచి వచ్చిన మా టీమ్ లీడ్, నేను, నా రూమ్మేటు, నాలుగో మనిషిగా నా పక్క సీటాయన. ఆయనది జహీరాబాద్ దగ్గర. మాకన్నా పదేళ్లు పెద్ద, అందరం అన్నా అనే పిలిచేవాళ్లం. భార్య ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు, ఇద్దరు ఆడపిల్లలు. ఆయన పాత ప్రాజెక్టు మూతపడ్డాక ఆయన్ను నెలల తరబడి పని లేకుండా ఖాళీగా కూర్చోబెట్టారు. ఈ ప్రాజెక్టులో పని చేసి చూపించకపోతే ఉద్యోగం ఉండదని ఆయనకు తేల్చి చెప్పేశారు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

ఆయన్ను తీసుకుందామన్నది లీడే. "వంట బాగా చేస్తారండీ, రానివ్వండి" అన్నాడు నవ్వుతూ. మేమూ నవ్వాం. అది దయ అనుకున్నాం, ఆయన కూడా అలాగే అనుకున్నాడు.

సామాను లిస్టు నేను రాస్తే, సర్దింది ఆయన. నేను మూడు సంచులు రాసిన చోట ఆయన ఒకటిన్నరలో ముగించాడు. నెయ్యి స్టీలు డబ్బా మూతకు మైదాపిండి ముద్ద పూసి ఆరబెట్టాడు, రైలు ఎంత కుదిపినా చుక్క కారలేదు. కరెంటు పొయ్యిని దుప్పటి మడతల మధ్య పెట్టాడు. పచ్చిపులుసుకు నువ్వులు ముందే వేయించి పొడి కొట్టి, ఒక్కో రోజుకు సరిపడా కాగితపు పొట్లాలు కట్టాడు. "ఏంది తమ్మీ, ఉప్పు గూడ తూచి రాస్తవా? నాలుకతోని చూస్తే ఎరుకైతది గదా!" అని నా కాగితం చూసి నవ్వాడు.

ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో అన్నమంటే తియ్యటి పప్పుతో గుప్పెడు మెతుకులు. అందుకని గెస్ట్‌హౌస్‌లో రోజుకొకరు వండాలని నేనే వంతులు వేశాను. మొదటి రోజు నా పప్పు మాడింది. రెండో రోజు నా రూమ్మేటు ఉప్మాలో చెంచా నిలబడింది. మూడో రోజు అన్న పచ్చిపులుసు, బీరకాయ కూర వండి పెడితే లీడ్ మూడుసార్లు వడ్డించుకుని, ఇక వంతులెందుకండీ అన్నాడు. వంతుల కాగితంలో మా పేర్లు కొట్టేసి ఆయన పేరు రాసిన చెయ్యి నాదే. ఆయన తినే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేవాడు. కళ్లు తెరిచేసరికి మా కంచాల్లో సగం ఖాళీ అయ్యేది. ఒక్కరోజు కూడా ఆగి ఆయనతో కలిసి మొదలుపెట్టలేదు.

మధ్యాహ్నం అన్నం వేడిగా ఉండాలంటే పదకొండింటికే ఆయన ఫ్యాక్టరీ నుంచి బయలుదేరాలి. సాయంత్రం కూడా మాకన్నా ముందే. ఆయన పరీక్షించాల్సిన భాగాలను మేం ముగ్గురం పంచుకునేవాళ్లం. "నువ్వు పప్పు సంగతి చూడు అన్నా, సాఫ్ట్‌వేర్ సంగతి మేం చూసుకుంటాం" అని నా రూమ్మేటు రోజూ ఒకే వేళాకోళం ఆడేవాడు, రోజూ అందరం నవ్వేవాళ్లం. ఎవరు ఏ పని చేశారో రాసే పట్టిక నా చేతిలోనే ఉండేది. పని మారిన ప్రతిసారీ ఆయన పేరు చెరిపి చేసినవాడి పేరు రాశాను. నాలుగో వారంలో ఒకరోజు ఆయన ఉల్లిగడ్డలు కోస్తూ, తల ఎత్తకుండా, "తమ్మీ, జర నా పేరు మీద గూడ కొన్ని ఉంచు. అక్కడ ఆఫీసుల అదే చూస్తరు" అన్నాడు. అలాగే అన్నా అన్నాను. ఆ రోజు పట్టిక తెరిచి చూశాను కూడా. చేయని పనికి పేరు రాయడం అబద్ధమనిపించింది. ఆయన వండిన అన్నం తిన్న చేత్తోనే మూసేశాను.

తిరిగి వచ్చిన వారానికి మేనేజర్ మా ముగ్గుర్నీ అద్దాల గదిలోకి పిలిచాడు. తెర మీద నా పట్టిక ఉంది. అన్న పేరున్న వరుసలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

"ఆరు వారాలూ అక్కడే ఉన్నాడా ఈయన?"

ఉన్నాడన్నాను.

"మరి ఏం చేశాడయ్యా?"

నేను లీడ్ వైపు చూశాను. లీడ్ తన ల్యాప్‌టాప్‌లో ఏదో వెతుక్కుంటున్నాడు. రూమ్మేటు పెదవి కొరికి నవ్వు ఆపుకుంటున్నాడు. పట్టికలో అంతా సరిగ్గానే ఉంది సార్ అన్నాను.

"అయితే హాలిడేకి పోయొచ్చినట్టుంది" అన్నాడు మేనేజర్. గదిలో అందరం నవ్వాం. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనేనని ఇప్పటికీ నాకు అనుమానం.

ఆయన బ్యాడ్జీ వాపసిచ్చిన రోజు మధ్యాహ్నం నా సీటు దగ్గరకు వచ్చాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను. భుజం మీద చెయ్యి వేసి, "ఫికర్ జెయ్యకు తమ్మీ. నువ్వు అబద్ధమైతే రాయలే గదా" అన్నాడు. ఆ మాటలో వెటకారం ఉందో లేదో ఇన్నేళ్లుగా తేల్చుకోలేకపోతున్నాను. తర్వాత కలిసింది లేదు. ఫోన్లు మారినప్పుడల్లా ఆయన నంబరు దానంతట అదే కొత్త ఫోనులోకి వచ్చి చేరుతుంది. ఎన్నడూ నొక్కలేదు.

ఇప్పుడు మా టీమ్‌లో పిల్లలెవరూ క్లయింటు దగ్గరకు కుక్కర్ మోసుకుపోరు. ఎవరి భోజనం పెట్టె వాళ్లకు వస్తుంది, ఎవరి ల్యాప్‌టాప్ ముందు వాళ్లు తింటారు, ఎవరి కోసమూ ఎవరూ పదకొండింటికి లేచి వెళ్లనక్కర్లేదు. మేనేజర్ కుర్చీలో నేను కూర్చుని మూడేళ్లవుతోంది. ఎవరెంత పని చేశారో పట్టికలు వాటంతట అవే నిండుతాయి, తక్కువ పడి ఉద్యోగం పోయేవాళ్ల పేర్లు పైనుంచి వచ్చేస్తాయి, సంతకం పెట్టడమే నా వంతు. ఈ మనిషి ఏం చేశాడయ్యా అని ఇప్పుడెవరూ అడగరు. ఆ రోజుల్లో అడిగేవారు. అద్దాల గదిలో, జవాబు చెప్పడానికి కావలసినంత సేపు ఆగి మరీ, నన్నూ అడిగారు.